ప్రోస్టేట్ పెరిగితే పెద్ద ఆపరేషనే దారా? తరచుగా అడిగే ప్రశ్నలు

అరవై దాటిన మగవారు డాక్టరు దగ్గర అన్నిటికన్నా చివర చెప్పే మాట ఒకటుంది. బీపీ, షుగరు, మోకాళ్ళ నొప్పులు అన్నీ చెప్పి, లేచి తలుపు దాకా వెళ్ళి, అప్పుడు వెనక్కి తిరిగి, "రాత్రిళ్ళు నాలుగైదు సార్లు లేవాల్సి వస్తోందండీ" అంటారు. మా నాన్నగారు ఆ మాట కూడా అనలేదు. కొడుకు మూత్రవ్యాధుల వైద్యుడైనా నాకు చెప్పలేదు. బస్సు ప్రయాణాలు మానుకున్నారు, పెళ్ళిళ్ళలో తలుపు పక్క కుర్చీ చూసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు, పొద్దు గూకితే మంచినీళ్ళు ముట్టడం మానేశారు. అమ్మ చెబితే గానీ నాకు తెలియలేదు. అప్పటికి ఆయన మూత్రాశయం చాలా అలసిపోయింది. అందుకే ఈ ప్రశ్నలకు కాస్త వివరంగా జవాబులు రాస్తున్నాను. ఇవన్నీ రోగులు, వారి పిల్లలు నన్ను పదే పదే అడిగినవే.

ప్రోస్టేట్ పెరగడం అంటే ఏమిటి? అది క్యాన్సరా?

క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా. ప్రోస్టేట్ గ్రంథి మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉంగరంలా ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు దాని బరువు 20 నుంచి 25 గ్రాములు. నలభై దాటాక మగ హార్మోను ప్రభావంతో దాని లోపలి భాగం మెల్లగా పెరుగుతుంది. అరవై ఏళ్ళకు దాదాపు సగం మందిలో, ఎనభై అయిదేళ్ళకు పది మందిలో తొమ్మిది మందిలో ఈ పెరుగుదల కనిపిస్తుంది. తల నెరవడం లాంటి మార్పే. అయితే ఈ గ్రంథి మధ్యలోంచి మూత్రం దారి వెళుతుంది కాబట్టి, పెరిగిన కొద్దీ ఆ దారి ఇరుకవుతుంది.

క్యాన్సర్ ఎక్కువగా గ్రంథి వెలుపలి పొరలో పుడుతుంది. ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చు. కనుక ఏ చికిత్సకైనా ముందు మలద్వారం గుండా వేలితో పరీక్ష, పీఎస్ఏ (ప్రోస్టేట్ తయారుచేసే ఒక ప్రోటీన్) రక్తపరీక్ష చేయించాలి. పీఎస్ఏ పెరిగిందని తెలియగానే భయపడిపోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, మూత్రం ఆగి పైపు వేసినా అది పెరుగుతుంది. కొన్ని వారాలు ఆగి మళ్ళీ చేస్తే అసలు సంగతి తేలుతుంది.

స్కానింగ్‌లో 60 గ్రాములు వచ్చింది. ఆపరేషన్ తప్పదా?

ఈ ఒక్క ప్రశ్న మీద ఎంత చెప్పినా తక్కువే. స్కానింగ్ కాగితం మీది అంకెను చూసి ఎవరూ ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు. 90 గ్రాముల గ్రంథితో హాయిగా ఉన్నవారున్నారు. 30 గ్రాములే ఉన్నా, మధ్య భాగం మూత్రాశయంలోకి పొడుచుకువచ్చి, బిరడాలా దారి మూసి, మూత్రం పూర్తిగా ఆగిపోయినవారూ ఉన్నారు.

బరువు కన్నా ముఖ్యమైనవి మూడున్నాయి. మొదటిది మీకున్న బాధ. దీన్ని కొలవడానికి ప్రపంచమంతటా వాడే ఏడు ప్రశ్నల పట్టిక ఒకటుంది. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి అయిదు మార్కులు, మొత్తం 35. ఏడు లోపు వస్తే తక్కువ, 8 నుంచి 19 మధ్యస్థం, 20, ఆపైన వస్తే తీవ్రం. రెండోది ధార వేగం. ఒక యంత్రంలో మూత్రం పోయిస్తే సెకనుకు ఎన్ని మిల్లీలీటర్లు వస్తోందో గీత గీసి చూపిస్తుంది. 15 దాటితే సాధారణంగా ఫరవాలేదు, 10 లోపు ఉంటే అడ్డు ఉండే అవకాశం ఎక్కువ. మూడోది, పోసిన తర్వాత లోపల ఎంత మిగిలింది అన్నది. స్కానింగ్ గదిలో ఉగ్గబట్టి, గాభరాగా, సగం సగం పోసి వచ్చిన రోజు ఈ అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది. అనుమానం ఉంటే మరో రోజు మళ్ళీ చూడమనండి.

ఆపరేషన్ నిజంగా తప్పనిసరి అయ్యే సందర్భాలు కొన్నే. మూత్రం మళ్ళీ మళ్ళీ ఆగిపోవడం, అడ్డు వల్ల కిడ్నీలు దెబ్బతినడం, మూత్రాశయంలో రాళ్ళు, తగ్గి తగ్గి మళ్ళీ వచ్చే ఇన్ఫెక్షన్, ప్రోస్టేట్ నుంచి ఆగకుండా రక్తం. ఇవేవీ లేకపోతే మీకు ఆలోచించుకునే సమయం ఉన్నట్లే.

రాత్రి లేవడానికి ఎప్పుడూ ప్రోస్టేటే కారణమా?

కాదు. పొరపాటు నిర్ణయాలు ఎక్కువగా జరిగేది ఇక్కడే. మూడు రోజుల పాటు ఒక పని చేయండి. కొలత గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి బాత్రూములో పెట్టుకుని, ప్రతిసారీ ఎంత పోశారో, ఏ సమయానికో కాగితం మీద రాయండి. రోజంతటి మూత్రంలో మూడో వంతు కన్నా ఎక్కువ రాత్రి నిద్ర వేళే వస్తుంటే, తప్పు ప్రోస్టేట్ ఒక్కదానిదే కాదు. పగలంతా కాళ్ళలో చేరిన నీరు పడుకున్నాక రక్తంలోకి వచ్చి మూత్రమవుతుంది. గుండె బలహీనత, అదుపులో లేని షుగరు, గురకతో నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కూడా ఇలాగే చేస్తాయి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ కొందరిలో కాళ్ళ వాపు తెస్తుంది. షుగరుకు వాడే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు పనిచేసే తీరే చక్కెరను మూత్రంలోకి పంపడం, కనుక మూత్రం పెరుగుతుంది. ఈ మాత్రలను మీ అంతట మీరు మానేయకండి, కానీ వాడుతున్నట్లు మూత్రవ్యాధుల డాక్టరుకు చెప్పండి. ఆ కాగితం చూసి ఆపరేషన్ ఆలోచన పక్కన పెట్టిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి.

మాత్రలు ఎంతకాలం వాడవచ్చు?

పని చేస్తున్నంత కాలం, పడుతున్నంత కాలం. టామ్సులోసిన్, అల్ఫుజోసిన్, సైలోడోసిన్ మాత్రలు గ్రంథిని కరిగించవు, అక్కడి కండరాన్ని వదులు చేస్తాయి. రోజుల్లోనే తేడా తెలుస్తుంది. లేవగానే కళ్ళు తిరగడం, వీర్యం బయటికి రాకపోవడం వీటి ఇబ్బందులు. ఫినాస్టిరైడ్, డ్యూటాస్టిరైడ్ గ్రంథిని నిజంగానే చిన్నది చేస్తాయి గానీ ఆరు నెలలు ఓపిక పట్టాలి. కొందరిలో కోరిక, పటుత్వం తగ్గుతాయి. ఇవి పీఎస్ఏ అంకెను దాదాపు సగానికి తగ్గిస్తాయి కనుక, వాడేవారి పీఎస్ఏ 3 వస్తే డాక్టరు దాన్ని 6గా లెక్కించాలి. ఈ మాత్ర సంగతి చెప్పకపోతే క్యాన్సర్ అనుమానం కంటపడకుండా పోతుంది.

ఇంకొక మాట. కంటిలో శుక్లం ఆపరేషన్‌కు వెళ్ళేవారు టామ్సులోసిన్ వాడుతున్నట్లు, ఎప్పుడో వాడి మానేసినా సరే, కంటి డాక్టరుకు ముందే చెప్పాలి. ఆ మాత్ర కనుపాపను వదులు చేసి ఆపరేషన్‌ను కష్టం చేస్తుంది. ముందే తెలిస్తే వారు దానికి తగ్గట్టు సిద్ధపడతారు.

ప్రకటనల్లో "కోత లేని చికిత్స" అంటున్నారు. దాని అర్థం ఏమిటి?

ఆ మాట ఒక్కదాన్నే నమ్మి నిర్ణయించుకోవద్దు. పెరిగిన కండను లోపలి నుంచే కోరి తీసే, ఎనభై ఏళ్ళకు పైగా చేస్తున్న టీయూఆర్‌పీ ఆపరేషన్‌కు కూడా బయట కోత ఉండదు. అదీ మూత్రనాళం గుండానే చేస్తారు. లేజరుకూ బయట కోత లేదు. కోత ఉందా లేదా అన్నది కాదు అడగవలసింది. లోపలి కండను ఎంత తీసేస్తున్నారు, ఎంత నొక్కి పెడుతున్నారు, ఎంత ఎండబెడుతున్నారు అన్నది అసలు తేడా.

కండను ఎక్కువగా తీసేసే పద్ధతిలో ధార బాగా వస్తుంది, చాలా ఏళ్ళు నిలుస్తుంది. బదులుగా వెన్నుకు మత్తు, ఆసుపత్రిలో ఒకటి రెండు రోజులు, చాలామందిలో వీర్యం బయటికి రాకపోవడం ఉంటాయి. తక్కువగా ముట్టుకునే పద్ధతిలో మత్తు తేలిక, అదే రోజో మర్నాడో ఇంటికి వెళ్ళవచ్చు, దాంపత్య జీవితం మారదు. బదులుగా మేలు కొంత తక్కువ, కొన్నేళ్ళకు మళ్ళీ చికిత్స అవసరమయ్యే అవకాశం ఎక్కువ. రెండూ సంపూర్ణంగా ఇచ్చే పద్ధతి ఇప్పటికి లేదు. ఉందని ఎవరైనా చెబితే ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి.

యూరోలిఫ్ట్ అంటే ఏమిటి? ఎవరికి పనికొస్తుంది?

ఇరుకు దారిలోకి వంగిన కంచె కొమ్మలను నరకకుండా తాడుతో వెనక్కి లాగి కడితే దారి తెరుచుకుంటుంది కదా, ఇదీ అలాంటిదే. సన్నని గొట్టం ద్వారా వెళ్ళి, ప్రోస్టేట్ రెండు వైపులా చిన్న చిన్న బిగింపులు పెడతారు. ఒక్కో బిగింపుకు ఒక కొసన చిన్న లోహపు ముక్క, మధ్యలో బలమైన దారం, రెండో కొసన మరో లోహపు ముక్క ఉంటాయి. సాధారణంగా నాలుగు నుంచి ఆరు సరిపోతాయి. అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దీనికి 2013లో అనుమతి ఇచ్చింది.

దీని గొప్పతనం ఒక్కటే, కానీ అది పెద్దది: వీర్యం బయటికి రావడంలో మార్పు ఉండదు. చాలామందికి పైపు అవసరం లేదు, ఉన్నా ఒక రోజు. అయితే గ్రంథి మరీ పెద్దదైతే, మధ్య భాగం మూత్రాశయంలోకి బాగా పొడుచుకువస్తే సరైనది కాదు. దీని మీద జరిగిన ముఖ్యమైన అధ్యయనంలో అయిదేళ్ళకు బాధల మార్కులు సుమారు 36 శాతం తగ్గాయి. నూటికి పదమూడు, పద్నాలుగు మందికి మళ్ళీ ఏదో ఒక చికిత్స చేయవలసి వచ్చింది. యాభైలలో ఉండి, గ్రంథి మధ్యస్థంగా ఉండి, దాంపత్య జీవితం విషయంలో రాజీ పడదలచుకోనివారికి ఇది ఆలోచించదగినదని నా అభిప్రాయం. డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో పైపుతో ఉన్నవారికి నేను దీన్ని సూచించను.

నీటి ఆవిరి చికిత్స, రెజూమ్, ఎలా పని చేస్తుంది?

ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు చేతికి ఆవిరి తగిలితే, అదే వేడి ఉన్న నీటి కన్నా ఎక్కువ కాలుతుందని వంటింట్లో పని చేసినవారికి తెలుసు. ఆవిరి నీరుగా మారేటప్పుడు తనలో దాచుకున్న వేడినంతా ఒక్కసారి వదులుతుంది. రెజూమ్ ఆ సూత్రం మీదే నడుస్తుంది. 103 డిగ్రీల సెల్సియస్ ఆవిరిని సన్నని సూది ద్వారా పెరిగిన కండలోకి తొమ్మిది సెకన్ల పాటు పంపుతారు. గ్రంథి పరిమాణాన్ని బట్టి ఇలా కొన్ని చోట్ల ఇస్తారు. ఆవిరి తగిలిన కణాలు చనిపోతాయి. శరీరమే వాటిని వారాల తరబడి మెల్లగా తొలగించుకుంటుంది. ఎఫ్‌డీఏ అనుమతి 2015లో వచ్చింది, 30 నుంచి 80 గ్రాముల గ్రంథులకు. మధ్య భాగం పొడుచుకువచ్చినా చేయవచ్చు.

ఇక్కడ రోగులను ముందే సిద్ధం చేయాలి. చికిత్స పదిహేను నిమిషాల్లో ముగుస్తుంది, కానీ ఫలితం ఆ రోజు రాదు. పైగా తొలి వారాల్లో గ్రంథి ఉబ్బి బాధ ఎక్కువవుతుంది. అందుకే మూడు రోజుల నుంచి వారం దాకా పైపు ఉంచుతారు. మంట, తొందర కొన్ని వారాలు ఉంటాయి. అసలు మేలు రెండు మూడు నెలలకు తెలుస్తుంది. "పదివేల మందికి మంచిదైంది, నాకే వికటించింది" అని రెండో వారంలో కన్నీళ్ళు పెట్టుకుని, మూడో నెలలో నవ్వుతూ వచ్చినవారున్నారు. అయిదేళ్ళ లెక్కల్లో మళ్ళీ ఆపరేషన్ అవసరమైనవారు నూటికి నలుగురైదుగురే. చాలామందిలో దాంపత్య జీవితం మారదు.

ఐటిండ్ అన్న పేరు కూడా విన్నాను.

వంగినా మళ్ళీ తన ఆకారానికి వచ్చే నిటినాల్ లోహపు తీగల చిన్న పరికరం అది. ముడిచి లోపల పెడితే విచ్చుకుని, అయిదు నుంచి ఏడు రోజులు అక్కడ ఉండి, మూడు చోట్ల నొక్కి దారి చేస్తుంది. తర్వాత తీసేస్తారు, లోపల ఏమీ మిగలదు. చిన్న గ్రంథులకే. ఎక్కడపడితే అక్కడ దొరకదు.

రక్తనాళం మూసే చికిత్స గురించి చెప్పండి.

చేనుకు నీరు వెళ్ళే కాలువకు అడ్డుకట్ట వేస్తే పైరు ఎండిపోతుంది. ప్రోస్టేట్‌కు రక్తం తీసుకువెళ్ళే సన్నని ధమనుల్లోకి ఇసుక రేణువుల కన్నా చిన్న గోళీలు పంపి మూసేస్తే, గ్రంథి వారాల్లో మెత్తబడి కుంచించుకుపోతుంది. ఇది మూత్రనాళం గుండా చేసేది కాదు. మణికట్టు దగ్గరి నాళం నుంచో, గజ్జల్లోని నాళం నుంచో సన్నని గొట్టం పంపి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ చేస్తారు. గుండెకు యాంజియోగ్రామ్ చేయించుకున్నవారికి ఈ అనుభవం కొంత తెలిసినదే. బ్రెజిల్‌లోని సావో పాలోలో కార్నెవాలే బృందం ఇద్దరు రోగులకు దీన్నే ప్రధాన చికిత్సగా చేసి 2010లో ప్రచురించింది. అప్పటి నుంచి ఇది అనేక దేశాలకు వ్యాపించింది.

చేసేది మూత్రవ్యాధుల డాక్టరు కాదు, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు. మత్తు అవసరం లేదు, చేసే చోట మొద్దుబార్చే సూది చాలు. గ్రంథి చాలా పెద్దదైనా చేయవచ్చు. గుండె, ఊపిరితిత్తులు బలహీనంగా ఉండి వెన్నుకు మత్తు కూడా ప్రమాదమైనవారికి, రక్తం పలుచన చేసే మందు ఆపలేనివారికి ఇది నిజమైన వరం. అయితే ధమనులు బాగా గట్టిపడి వంకర తిరిగిన వృద్ధుల్లో గొట్టం లోపలికి వెళ్ళకపోవచ్చు. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో, ఎక్స్‌రేలో నాళాలు కనిపించేందుకు ఎక్కించే రంగు మందు విషయం ఆలోచించాలి. గోళీలు పక్క అవయవాల్లోకి వెళితే పుండ్లు పడే ప్రమాదం కూడా ఉంది. కనుక ఈ పని ఎన్నిసార్లు చేశారో అడగడం తప్పు కాదు, మీ హక్కు. ధార మెరుగు టీయూఆర్‌పీ అంతగా ఉండదు.

లేజరు, నీటి ధార రోబో కూడా చిన్న చికిత్సలేనా?

శరీరానికి బయట గాయం లేదు కాబట్టి చిన్నవే అనిపిస్తాయి, కానీ ఇవి పూర్తి స్థాయి ఆపరేషన్లు. మత్తు ఉంటుంది, ఆపరేషన్ థియేటర్ ఉంటుంది, తర్వాత పైపు ఉంటుంది. తేడా అర్థం కావాలంటే కొబ్బరికాయ గుర్తు తెచ్చుకోండి. టీయూఆర్‌పీ అంటే కోరాముతో కొబ్బరి కోరినట్లు కొంచెం కొంచెంగా కోరి తీయడం. హోల్మియం లేజరుతో చేసే హోలెప్ అంటే చిప్ప నుంచి కురిడీ మొత్తంగా ఊడి వచ్చినట్లు, పెరిగిన భాగాన్ని పొర వెంట వేరు చేయడం. దాన్ని మూత్రాశయంలోకి తోసి, అక్కడ ముక్కలు చేసి బయటికి లాగేస్తారు. 1990లలో న్యూజిలాండ్‌లో పీటర్ గిల్లింగ్ దీన్ని తీర్చిదిద్దారు. 100 గ్రాములు, 150 గ్రాములు ఉన్న గ్రంథికి ఒకప్పుడు పొట్ట కోయక తప్పేది కాదు. ఇప్పుడు హోలెప్‌తో ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపగలుగుతున్నాం. మళ్ళీ పెరిగి ఆపరేషన్ అవసరం కావడం చాలా అరుదు. తొలి వారాల్లో దగ్గినప్పుడు, లేచినప్పుడు మూత్రం కారడం కొందరిలో ఉంటుంది. మూత్రాన్ని ఆపే కండరాన్ని బిగించి వదిలే వ్యాయామంతో చాలామందిలో తగ్గుతుంది.

ఆక్వాబ్లేషన్‌లో వేడి లేదు. అల్ట్రాసౌండ్‌తో గ్రంథి పటం గీసి, ఆ పటం ప్రకారం వేగమైన నీటి ధార కండను చెక్కుతుంది. వీర్యం వచ్చే దారిని కాపాడే భాగాన్ని వదిలేసేలా ముందే గీసుకోవచ్చు. రక్తస్రావం మీద జాగ్రత్త కావాలి.

ఒక్క సంగతి మరచిపోవద్దు. టీయూఆర్‌పీలో, హోలెప్‌లో బయటికి తీసిన కండ పరీక్షకు వెళుతుంది. అందులో కొన్నిసార్లు దాగి ఉన్న క్యాన్సర్ బయటపడుతుంది. యూరోలిఫ్ట్, రెజూమ్, రక్తనాళం మూసే చికిత్సలో పరీక్షకు పంపే కండ ఉండదు. కనుక వాటికి ముందు పీఎస్ఏ సంగతి తేల్చుకుని తీరాలి.

టీయూఆర్‌పీ పాతబడిపోయిందా?

లేదు. జిల్లా కేంద్రాల్లోనూ చేయగల వైద్యులున్నారు, ఖర్చు తక్కువ, ఫలితం గట్టిది. ఇప్పుడు చాలాచోట్ల ఉప్పునీటితో చేసే బైపోలార్ పద్ధతి ఉంది. పాత పద్ధతిలో వాడే ద్రవం ఒంట్లోకి చేరి సోడియం పడిపోయే ప్రమాదం ఇందులో లేదు. మంచి చేతిలో పడిన టీయూఆర్‌పీ, అనుభవం లేని చేతిలోని కొత్త యంత్రం కన్నా వెయ్యి రెట్లు మేలు.

దాంపత్య జీవితం దెబ్బతింటుందా?

అడగడానికి సిగ్గుపడి, అడగకుండానే ఆపరేషన్ వాయిదా వేసేవారు ఎంతోమంది. రెండు సంగతులను వేరు చేసి చూడండి. అంగం గట్టిపడటం వేరు, వీర్యం బయటికి రావడం వేరు. ఈ చికిత్సల్లో ఏవీ సాధారణంగా మొదటిదాన్ని పోగొట్టవు. టీయూఆర్‌పీ, హోలెప్ తర్వాత ఎక్కువమందిలో వీర్యం బయటికి రాకుండా మూత్రాశయంలోకి వెళ్ళి, తర్వాత మూత్రంతో పోతుంది. హాని లేదు, నొప్పి లేదు, తృప్తి చాలావరకు ఉంటుంది. అయితే ఇంకా పిల్లలు కావాలనుకునేవారికి ఇది పెద్ద విషయం. ఇది ముందు చెప్పకుండా చేసి, తర్వాత రోగి కంగారుపడితే, ఆ తప్పు వైద్యుడిదే. భార్యాభర్తలిద్దరూ కలిసి వచ్చి అడగడం మంచిది.

షుగరు ఉంది, గుండెకు స్టెంటు ఉంది. చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు. ఇరవై ఏళ్ళుగా షుగరు ఉన్నవారిలో మాత్రం ఒక ప్రశ్న వేసుకోవాలి: ధార తగ్గింది దారి మూసుకునా, మూత్రాశయ కండరం చచ్చుబడా? షుగరు నరాలను దెబ్బతీస్తుంది. మూత్రాశయానికి నెట్టే బలమే లేకపోతే, దారి ఎంత వెడల్పు చేసినా నీరు రాదు. యూరోడైనమిక్స్ అనే పరీక్షలో ఒత్తిడి కొలిస్తే ఈ తేడా తెలుస్తుంది. అనుమానం ఉన్నవారికి అది చేయకుండా చికిత్సకు తొందరపడకూడదు.

స్టెంటు వేసిన తొలి నెలల్లో క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్రలను ఎవరో చెప్పారని మానేయడం ప్రాణాల మీదికి తెస్తుంది. గుండె డాక్టరు రాసి ఇచ్చిన తర్వాతే ఆపాలి. ఆపడం కుదరనివారికి లేజరో, రక్తనాళం మూసే చికిత్సో ఉన్నాయి.

నాన్నగారికి పైపు వేసి నెలైంది. ఇక అలాగే ఉండాలా?

అలా వదిలేయకండి. పైపు తాత్కాలిక సాయం మాత్రమే. మొదటిసారి మూత్రం ఆగినప్పుడు రెండు మూడు రోజులు టామ్సులోసిన్ లాంటి కండరాన్ని వదులు చేసే మాత్ర వేసి, పైపు తీసి చూస్తే కొందరిలో మూత్రం దానంతట అదే వస్తుంది. రాకపోతే పైన చెప్పిన దారుల్లో ఏదో ఒకటి సరిపోతుంది. మంచం మీద ఉన్నవారు, ఏ మత్తుకూ తట్టుకోలేనివారు కూడా రక్తనాళం మూసే చికిత్స గురించి అడగవచ్చు. ఏదీ కుదరకపోతే, రోజుకు నాలుగైదు సార్లు శుభ్రమైన సన్నని పైపు స్వయంగా వేసుకుని తీసేసే పద్ధతి ఉంది. ఎప్పుడూ లోపల ఉండే పైపు కన్నా దాంట్లో ఇన్ఫెక్షన్ తక్కువ. "ఈ వయసులో ఎందుకులే" అనే మాట పెద్దాయన ఎదుట అనకండి. సంచి పట్టుకుని గుమ్మం దాటలేక ఆయన ఎంత కుంగిపోతున్నారో ఆయన చెప్పరు.

ఆరోగ్యశ్రీలో, ఆయుష్మాన్ భారత్‌లో వస్తుందా?

ఆయుష్మాన్ భారత్ చికిత్సల పట్టికలో టీయూఆర్‌పీ ఉంది. 2024 అక్టోబరు నుంచి డెబ్బై ఏళ్ళు నిండినవారందరికీ, ఆదాయంతో పని లేకుండా, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఈ పథకం వర్తిస్తోంది. ఈ జబ్బు ఎక్కువగా వచ్చే వయసే అది కాబట్టి ఆధార్‌తో కార్డు తీసి ఉంచుకోండి. మీ రాష్ట్ర పథకంలో ఏ పద్ధతి ఉందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. కొత్త పద్ధతుల్లో ఒక్కసారికే వాడి పారేసే పరికరాలుంటాయి కనుక ఖర్చు ఎక్కువ. సొంత బీమా ఉంటే, పద్ధతి పేరు రాసిచ్చి ముందుగా అనుమతి తెప్పించుకోండి.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళాలి. ముందే చేయించుకోవాలా?

బాధ ఎక్కువగా ఉంటే, మూత్రం బాగా మిగిలిపోతుంటే, అవును. సందర్శకుల బీమా సాధారణంగా ముందే ఉన్న జబ్బులకు వర్తించదు. అక్కడ మూత్రం ఆగి అత్యవసర విభాగానికి వెళితే పిల్లల మీద పడే భారం మీకే తెలుసు. ఆపరేషనో, రెజూమో అయితే కనీసం రెండు మూడు నెలల ముందు చేయించుకోండి. విమానంలో నడవ పక్క సీటు అడగండి, ఉగ్గబట్టకండి, మద్యం వద్దు.

చికిత్స తర్వాత ఏమి జాగ్రత్తలు?

నీళ్ళు బాగా తాగాలి, మలబద్ధకం రానివ్వకూడదు. ముక్కితే రక్తం వస్తుంది. అవసరమైతే రాత్రి ఇసబ్గోలు తీసుకోండి. టీయూఆర్‌పీ, లేజరు తర్వాత నాలుగైదు వారాలు ధాన్యం బస్తాలు, నీళ్ళ బిందెలు ఎత్తవద్దు. ట్రాక్టరు, స్కూటరు గతుకుల దారిలో వద్దు. రెండో వారంలో లోపలి పెచ్చు ఊడి మూత్రం ఒకటి రెండు రోజులు ఎర్రబడవచ్చు, నీళ్ళు తాగితే తేటపడుతుంది. మూత్రంలో రక్తపు గడ్డలు పడుతున్నా, చలితో జ్వరం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి రండి. ప్రోస్టేట్ కొంత భాగం లోపల మిగిలే ఉంటుంది కనుక పీఎస్ఏ పరీక్ష మానకూడదు.

మూలికలు, పొడులు వాడవచ్చా?

సా పామెట్టో అనే మూలిక మీద పెద్ద పరీక్షలు జరిగాయి. ఉత్తుత్తి మాత్ర కన్నా ఎక్కువ మేలు కనిపించలేదు. పేరు తెలియని పొడులు కిడ్నీలను పాడు చేస్తాయి, వద్దు.

అర్ధరాత్రి మూత్రం పూర్తిగా ఆగిపోతే ఏమి చేయాలి?

జలుబుకు వేసుకున్న మాత్ర చాలు ఆగిపోవడానికి. అందులో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ మందులు మూత్రాశయాన్ని బలహీనపరిచి, దారిని బిగిస్తాయి. ఎక్కువ మద్యం, గట్టి మలబద్ధకం, వేరే ఏదైనా ఆపరేషన్ తర్వాతి రోజులు కూడా కారణమవుతాయి. పొత్తికడుపు గట్టిగా ఉబ్బి, ప్రాణం పోతున్నట్లు నొప్పి వస్తుంది. "వస్తుందేమో" అని ఇంకా నీళ్ళు తాగవద్దు, తెల్లవారే దాకా ఆగవద్దు. దగ్గరలో ఉన్న, రాత్రి వైద్యుడు ఉండే ఏ ఆసుపత్రికైనా వెళ్ళండి. వాహనం లేకపోతే 108కి ఫోను చేయండి. పైపు వేసిన నిమిషంలో నొప్పి తీరిపోతుంది. నొప్పి లేకుండా పొట్ట ఉబ్బి, చుక్కలు చుక్కలుగా పంచె తడుస్తూ ఉంటే అది ఇంకా ప్రమాదం. మూత్రాశయం నిండి పొర్లుతోంది, కిడ్నీలు దెబ్బతింటూ ఉండవచ్చు. ఆ రోజే కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించాలి. వెళ్ళేటప్పుడు వాడుతున్న మాత్రల చీటీలన్నీ, జలుబు మాత్ర అట్టతో సహా, జేబులో పెట్టుకోండి. పైపుతో ఎంత మూత్రం తీశారో ఒక కాగితం మీద రాయించుకుని మర్నాడు మూత్రవ్యాధుల డాక్టరుకు చూపించండి.